అలుగు ఊడిన అమ్ము

మన సంఘముల వార్షిక సంచికలలో బాణములకు కొదువ లేదు. అట్టమీద కోదండపాణి యుండును. లోపల రామాయణమును గూర్చి ఒకటి రెండు వ్యాసములు, అంపశయ్య ఘట్టముపై ఒక పద్యనాటిక, ఏకలవ్యునిపై ఒక ఖండకావ్యము తప్పక యుండును. బెంగుళూరైనను, చెన్నపట్టణమైనను, బరంపురమైనను, షోలాపురమైనను, యానామైనను ఇందులో భేదము లేదు. ఇన్ని బాణములు విడిచినవారిలో ఒక్కరైనను, ఆ కర్రకు ఆ ఇనుము ఎట్లు నిలిచినది, దూసికొనిపోవునప్పుడు ఏల ఊడలేదు, తగిలినప్పుడు ఏల చీలలేదు అని ప్రశ్నించిన జాడ నాకు కానరాదు. ఆ ప్రశ్ననే నేనిచ్చట వేయుచున్నాను. వేయుటయే గాక, దానికి లోకములో చెలామణి యగుచున్న సమాధానము తప్పని వాదింపనున్నాను.

ఆ సమాధానమిది: మంచి జిగురు పెట్టినచో నిలుచును. విలువిద్య నేర్చుచున్న బాలురు అట్లే యందురు. వారికి సామగ్రి యమ్మువారును అట్లే యందురు. మొన ఊడినచో జిగురు మంచిది కాదందురు; అంతకంటె గట్టిది కొందురు; అదియు ఊడును. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్లు, చెక్కలేనివాడు జిగురును తిట్టుచున్నాడు. కర్రబాణమునకు ములికిని నిలుపునది మొదట చెక్కడము, తరువాత ఎండిన కర్ర, ఆ తరువాత శుభ్రమైన లోహము. జిగురు వంతు వచ్చునది ఆ మీదట.

ఇది సంస్కృతి సంచికకు తగిన విషయమా యని పెద్దలు కొందరు కనుబొమలు ముడువవచ్చును. కమ్మరి కొలిమి సంగతియు, వడ్రంగి బల్ల సంగతియు మనకేల, భాషను నిలుపుకొనుటకు గదా పరాయి సీమలో సంఘము పెట్టుకొన్నాము అందురు. భాష యెక్కడ నిలుచునో వారు ఆలోచించినట్లు లేదు. నేడును మన ఇండ్లలో ములుకులవంటి మాటలందుము. ఉత్తరములు పుంఖానుపుంఖముగా వచ్చుచున్నవందుము. ములికి యనగా బాణపు మొన. పుంఖమనగా ఈకలు గట్టిన వెనుక కొన. ఒకదాని పుంఖము వెంట మరియొకదాని పుంఖము వచ్చినదన్నమాట. మొన మన నోట గలదు, తోక మన నోట గలదు. నడుమనున్న కర్రయు, కర్రకును మొనకును గల అతుకును మాత్రము పోయినవి. అలుగన్నచో చెరువు నిండి నీరు పొరలిపోవు చోటని రైతుబిడ్డలెరుగుదురు. కోపగించి మూల కూర్చుండుట యని అందరు నెరుగుదురు. బాణపు ఇనుపమొన యని నిఘంటువు మాత్రమే యెరుగును.

వస్తువు చేతినుండి జారినపిమ్మట మాట నోటినుండి జారుటకు ఎక్కువ కాలము పట్టదు. మన పిల్లలలో ఈ పని నేర్చుకొనువారు దానిని ఆంగ్లముననే నేర్చుకొనుచున్నారు. పాయింటు, ఫెర్రూలు, హాట్ మెల్టు అందురు. ఫెర్రూలునకు తెలుగు లేదనుకొనుచున్నారు. లేకేమి? రోకలి కొనకు తొడుగు ఇనుపకట్టు పొన్ను. చేతికర్ర యడుగున తొడుగునదియు పొన్నే. కర్ర చీలకుండ, అరుగకుండ కాచు లోహపు తొడుగు అది. బాణపు మొనకు వెనుకనుండు గొట్టమును పొన్ను అన్నచో, దంచుట యెరిగిన ఏ ముసలమ్మకైనను వెంటనే తెలియును. ఇది నేను కట్టిన పారిభాషిక పదము కాదు. ఇంటిలో నున్న మాటకు మరియొక పని చెప్పుటయే.

ఇక అసలు సంగతికి వచ్చెదను. కర్రకు మొనను చేర్చు పద్ధతులు లోకమున ముఖ్యముగా రెండు. మొనకు పొన్ను గట్టి, కర్రను కోసుగా చెక్కి దానిలో దూర్చుట యొకటి. మొనకు వెనుక సన్నని ముల్లు విడిచి, ఆ ముల్లును కర్రలోనికి దిగవేయుట రెండవది. రెండవదానిని మనవారందరు నెరుగుదురు, ఎద్దులను తోలు ముల్లుగర్ర అట్టిదే గావున. ఈ రెంటికిని బలమును బలహీనతయు వేరు. ఒకదానికి చెప్పు వైద్యము మరియొకదానికి పనికిరాదు. జిగురు, జిగురు అని అరచువారు మొదట చేయు తప్పు ఈ భేదమును గమనింపకపోవుట.

పొన్ను గల మొనను చూతము. పాశ్చాత్య దేశములలో నేడు కర్రబాణములకు అమ్ము మొనలన్నియు దాదాపు ఈ రకమువే. పొన్ను లోపలి గోడ 5 డిగ్రీల వాలుతో సన్నగిల్లుచు పోవును; కర్ర కొనను అదే వాలున సుమారు ఒక అంగుళము పొడవున చెక్కవలెను. కర్ర లావు సామాన్యముగా 8 మొదలు 9 మిల్లీమీటర్ల వరకు నుండును. బాణము గురికి తగిలిన క్షణమున జరుగున దేమి? మొన ఆగును; కర్ర ఇంకను ముందునకు పోజూచును. అనగా కర్ర పొన్నులోనికి మరింత దిగగొట్టబడును. ఆ దెబ్బను భరించునది కర్రయు లోహమును చుట్టును ఒరసికొని యుండుటయే గాని జిగురు కాదు. చెక్కిన కోసు పొన్ను గోడకు నిడివి యంతటను తాకుచున్నచో దెబ్బ సమముగా పంచబడును. కొనయందు మాత్రమే తాకి, నోటియొద్ద సందున్నచో మొన ప్రతి దెబ్బకును ఇటునటు కదలును. నోటియొద్ద మాత్రమే తాకి లోపల డొల్లయైనచో, ఆ యంచు కర్రను కత్తివలె కోసికొనిపోవును. కర్ర సరిగా అచ్చటనే విరుగును. రెండు చోట్లను జిగురు పగులుట ఫలము. చూచువానికి పగిలిన జిగురు కనబడును, సందు కనబడదు. అందుచే నింద జిగురునకు వచ్చినది.

ఈ సందును పట్టుకొనుటకు యంత్రమక్కరలేదు. పొన్ను లోపల దీపపు మసి పలుచగా పూసి, చెక్కిన కర్రను దూర్చి ఒక్కమారు త్రిప్పి తీయవలెను. మసి అంటినచోట కర్ర ఎత్తుగా నున్నదన్నమాట. ఆ నల్లని చోటును ఆకురాయితో కొంచెము తీసి, మరల దూర్చి చూడవలెను. మసి కోసంతటను సమముగా అంటునంతవరకు ఇట్లే చేయవలెను. తరువాత ఆ మసిని రెంటిమీదనుండియు పూర్తిగా తుడిచివేయవలెను. ఓపిక గలవానికి ఒక బాణమునకు కొద్ది నిముషముల పని. ఈ కొద్ది నిముషములను మిగుల్చుకొనుటకు జనులు సీసాడు జిగురు కొనుచున్నారు.

జిగురు మందముగా నున్నంత బలమని మరియొక భ్రమ. పలుచని పొరయే బలము. సందును నింపుటకు మెత్తిన ముద్ద తనలో తానే పగులును. పెండ్లిపందిరి గుంజను గోతిలో వదులుగా నిలిపి చుట్టును మట్టి పోసినంత మాత్రమున అది నిలుచునా? పనివాడు పందిరి వేసిన కుక్కతోక తగిలి కూలినదను సామెత మనకు ఊరక పుట్టలేదు.

కర్ర యెండుటను గూర్చి ఒక మాట చెప్పవలెను, ఏలయన అది మన చదువరులకు ప్రత్యేకముగా వర్తించును. కర్ర గాలిలోని తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును, తేమ పోయినపుడు కుదియును. లోహము తేమకు ఉబ్బదు, కుదియదు. బరంపురములోనో, యానాములోనో, చెన్నపట్టణములోనో వానకాలమున సముద్రపు గాలిలో బిగువుగా తొడిగిన మొన, షోలాపురపు ఎండలలోనికి పోయిన కొలది దినములలోనే వదులగుట కారణము లేని వింత కాదు. లోపలి కర్ర సన్నగిల్లినది. పొన్ను అట్లే యున్నది. నడుమనున్న జిగురు రెంటిలో ఏదియో ఒకదానిని విడువక తప్పదు. కావున తొడుగుటకు ముందు కర్రను బాగుగా ఎండనిచ్చి, తొడిగిన పిమ్మట తేమ చొరకుండ లక్కనీరో వార్నిషో పూయుట న్యాయము. కాని ఆ పూత పొన్ను క్రిందికి పోరాదు. అచ్చట జిగురు కర్రను పట్టవలెను గాని పూతను కాదు. పూతను పట్టిన జిగురు పూతతోకూడ ఊడివచ్చును. పొన్ను లోపలి సంగతియు నింతే. కర్మాగారమునుండి వచ్చిన మొనలోపల నూనె పొర యుండును. స్పిరిటుతో దానిని తుడిచి, గరుకు కాగితముతో లోపల కొంచెము గీరనివాడు ఎంత ఖరీదైన జిగురు కొన్నను నూనెకు అతుకుచున్నాడు.

మొన నిలిచినంతమాత్రమున పని యైపోదు. తిన్నగా నిలువవలెను. బాణమును గోటిపై నిలిపి బొంగరమువలె త్రిప్పినపుడు మొన వణకకుండ ఒక్కచోటనే తిరుగవలెను. గుండ్రని గురిమొన విషయమున కొంచెపు వంకరకు కొంచెపు తప్పే జరుగును. రెక్కలు గల వెడల్పు అలుగు విషయమున అట్లు గాదు. వెడల్పు అలుగు గాలిలో రెక్కయగును. అది రవంత ప్రక్కకు తిరిగియున్నచో వెనుకనున్న ఈకలు బాణమును ఒక దారికి లాగుచుండగా, ముందున్న అలుగు మరియొక దారికి లాగును. ముందున్నదే తరచుగా గెలుచును. వేగము హెచ్చినకొలది తప్పును హెచ్చును. ఆంగ్ల దేశమున 1406లో బాణపు మొనలు చేయువారిపై ఒక శాసనము చేసిరి. మొనలను చక్కగా కాచి, కొనను ఉక్కుతో గట్టిపరచి, చేసినవాడు తన ముద్ర వేయవలెనని దాని విధి. తప్పు చేసినవానిని పట్టుకొనుటకై ఆ ముద్ర. మొనకు ముద్ర వేయించిన ఆ పాలకులు జిగురును గూర్చి విధించినది లేదు. పనిని గూర్చియే విధించిరి.

లక్క విషయమున మనవారు చేసిన యన్యాయమునకు ఇక వచ్చెదను. లక్క యనగానే మనకు లక్కయిల్లు జ్ఞప్తికి వచ్చును. దుర్యోధనుడు కట్టించెను, అది కాలెను, పాండవులు బిలమార్గమున బయటపడిరి. చిన్నపిల్లలకు కూడ తెలిసిన కథ. దానివలన లక్కకు కాలు గుణము తప్ప వేరు గుణము లేదను భావము మన మనస్సులలో నాటుకొన్నది. లక్క యొక్క అసలు గుణము కాలుట కాదు, కొద్ది వేడికి మెత్తబడి, చల్లారినంతనే గట్టిపడుట. సుమారు 75 డిగ్రీల వేడికి అది పాకమగును. చెట్టుకొమ్మలపై లక్కపురుగు విడుచు ఈ జిగట మోదుగమీదను, రేగుమీదను పండును. కంసాలి డొల్లనగలలో నింపునది ఇదియే. పల్లెటూళ్ళలో కత్తి ముల్లును పిడిలో నిలిపినది ఇదియే. పేరుపొందిన హిందూస్థానపు ఖడ్గముల పిడులలో పలుకరకు ఉక్కుముల్లును పట్టియుంచినది లక్కయో, లక్క చేరిన బంకయో. ఏటికొప్పాక బొమ్మకు మెరుగిచ్చునది లక్క. హైదరాబాదు గాజునకు ఒడలిచ్చునది లక్క. ఈ పదార్థమును శోధించుటకే 1924లో రాంచీ దగ్గరి నామకుములో ఒక పరిశోధనాలయము వెలసినది. ఇంత చరిత్ర గలదానిని మనము లక్కపిడతల యాటగా తలచుచున్నాము. అదే గుణము గల రంగు కడ్డీలను విదేశమునుండి తెప్పించి, క్రొత్త వింత యని మురియుచున్నాము.

లక్కతో మొన తొడుగు పద్ధతి కష్టమైనది కాదు గాని, తొందరపాటును క్షమింపదు. మొనను పట్టుకారుతో పట్టి సన్నని సెగకు కాచవలెను; కర్రను కాచరాదు. లోహము వేడెక్కినపుడు లక్కను లోపల రుద్దిన తానే కరగును. కర్ర కోసుపై కూడ పలుచగా పూయవలెను. వెంటనే దూర్చి, ఒక చుట్టు త్రిప్పి, మొనను గట్టి బల్లకు ఆనించి ఒత్తి పట్టుకొనవలెను. పట్టు విడిచినచో లోపల చిక్కిన వేడిగాలి మొనను వెనుకకు త్రోయును. చాలమంది మొనలు వంకరగా నిలుచుట ఈ ఒక్క యజాగ్రత్తవలననే. సెగ మితిమీరినచో మరియొక ప్రమాదము గలదు. ఎక్కువ కాచిన లక్క రబ్బరువలె సాగి, తిరిగి కరగని ముద్దయగును. దానికి పట్టు పోవును. ఒట్టి లక్క పెళుసు కూడ. అందుచే కంసాలులు తమ పనిలో దానికి మెత్తని ఇటుకపొడి కలుపుదురు. ఆ సంగతి విలుకానికిని పనికివచ్చును.

ఇక నా ప్రతిపక్షుల ముఖ్యవాదము. రెండు గొట్టములలోనుండి పిండి కలుపు ఎపాక్సీ జిగుళ్ళు లక్కకంటె ఎన్నో రెట్లు గట్టివి గదా, నీటికిని ఎండకును తట్టుకొనును గదా, వానిని వాడక ఈ చాదస్తమేల? గట్టివే, కాదనను. పొన్నునకు కర్ర సరిగా కుదరనిచోట సందును నింపుటకు అవి లక్కకంటె మేలు. ఎండలో కాగిన రేకుల క్రిందను, మూసియుంచిన కారులోను లక్క మెత్తబడు భయమున్నది; వానికి అంత భయము లేదు. కాని గట్టిదనము ఒక్కటే మంచిదనమని యెవరు చెప్పిరి? బాణములో ముందుగా పోవునది కర్ర. ఒక కర్ర విరిగినను, చీలినను, వంగినను ఇనుపమొన చెక్కుచెదరక మిగులును. ఆ మొనను తీసి క్రొత్త కర్రకు తొడుగుట విలుకాని నిత్యకృత్యము. లక్కతో నిలిపిన మొన కొద్ది సెగకు చేతిలోనికి వచ్చును. ఎపాక్సీతో నిలిపినదానిని తీయవలెనన్న, జిగురు లొంగునంత సెగ పెట్టులోపల కర్ర మాడును, ఉక్కు పదును చెడవచ్చును. తీయదలచినపుడు వచ్చుట, తీయదలపనపుడు రాకుండుట, ఈ రెండును కలిసినదే మంచి అతుకు. రెండవదానిని చెక్కడము చూచుకొనును. మొదటిదానిని లక్క చూచుకొనును. చెక్కడము రానివాడు రెండవదానికై మొదటిదానిని అమ్ముకొనుచున్నాడు. చిటికెలో పట్టు చిన్నసీసా జిగుళ్ళ మాట యెత్తనే యెత్తను. అవి గట్టిగా పట్టును గాని దెబ్బకు గాజువలె పగులును. బాణము జీవితమంతయు దెబ్బలే.

కర్ర ఒక నేలది, ఇనుము ఒక నేలది, రెంటిని కలుపు బంక మన మాతృభాష యని ఉపమానము కట్టుటకు ఇచ్చట మంచి యవకాశము గలదు. దానిని వార్షికోత్సవ ఉపన్యాసకులకు వదలివేయుచున్నాను. నేను చెప్పుచున్నది నిజముగా బాణమును గూర్చియే.

ముల్లు గల మొన కథ వేరు. హిందూదేశపు పాత బాణములలో నెక్కువ ఇట్టివే, ఏలయన మన కర్ర వెదురో, రెల్లుజాతి కాడయో. లోపల డొల్లయో మెత్తని బెండో యుండును. ముల్లు దిగుటకు దారి ప్రకృతియే చేసియుంచినది. కాని తగిలినపుడు ఈ ముల్లు మేకువలె వెనుకకు దిగి కాడను చీల్చజూచును. పొన్ను కర్రను చుట్టి కాపాడును; ముల్లు కర్రను లోపలినుండి పగులదీయును. అందువలన ఇచ్చట ప్రాణము కట్టునందున్నది. కాడ మూతిని నారతోనో, నూలుతోనో, పశువు స్నాయువుతోనో బిగించి చుట్టవలెను. తడిపిన స్నాయువు తన జిగటతో తానే అంటుకొని, ఆరినకొలది కుదిసి బిగియును. దానికి మించిన కట్టు లేదు. కట్టులేక ఒట్టి జిగురుతో ముల్లును నిలుపబూనుట ముల్లుగర్ర చేసిన రైతు కూడ చేయడు. ఈ జ్ఞానము ఒక్క దేశపుది కాదు. ఆల్ప్సు మంచుకొండలలో 1991లో బయటపడిన అయిదువేల యేండ్ల నాటి మనుష్యుని పొదిలో పదునాలుగు బాణములు దొరికినవి; వానిలో రెంటికి మాత్రమే రాతిమొనలున్నవి. ఆ మొనలను భూర్జవృక్షపు తారుతో అతికి దారముతో చుట్టిరి. కాలిఫోర్నియాలో యాహి జాతి చివరివాడైన ఇషీ 1916లో మరణించులోపల సాక్స్టన్ పోపు అను వైద్యునికి తన విలువిద్య నేర్పెను. అతడును రాతిమొనను చెట్టు జిగటతో నిలిపి స్నాయువుతో చుట్టినవాడే. 1923లో పోపు వ్రాసిన పుస్తకము మూలమున ఆ జ్ఞానము అమెరికాలో వేలమందికి అందినది. అడవివాని చేతిపనిని ఒక పట్నపు వైద్యుడు కూర్చుండి నేర్చుకొని వ్రాసిపెట్టెను. ఆ పని మనలో ఎవరు చేసిరి?

మనకు అవకాశము లేక కాదు. కొరాపుటు, మల్కనగిరి మన్యములలో కోయలు, బోండాలు విల్లంబులు పట్టినవారు. వెదురుబద్దనే నారిగా కట్టినవారు. వారి యిరుగుపొరుగున, సంతలలో, కచేరీలలో, బడులలో తెలుగు కుటుంబములు తరములుగా నున్నవి. నల్లమలలోని చెంచులను గూర్చి హైమెండార్ఫు 1943లో గ్రంథము ప్రకటించెను. ఆయన దూరదేశమునుండి వచ్చినవాడు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడినది తుపాకులకొరకే యైనను, మనము చిత్రించుకొను రాజు విల్లంబులతోనే యుండును. ఆయన పటము లేని సంఘమందిరము అరుదు. ఆ పటములోని బాణమును చేసిన చేతి పేరు, ఆ చేయి వాడిన బంక పేరు, కట్టు పేరు అడిగిన సంఘము లేదు. వీరుని పూజింతుము, ఆయుధమును పూజింతుము, పనివానిని ఆటవికుడందుము. పూర్వులకు ఈ చిన్నచూపు లేదు. మైసూరులో శామశాస్త్రిగారు 1909లో అచ్చువేసి లోకమునకిచ్చిన అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణము చూడుడు. బాణపు కర్రల రకములు, ఇనుము, ఎముక, కొయ్య అను మొనల రకములు, కోయునది, గ్రుచ్చునది, మోదునది అను వాని పనులు కౌటిల్యుడు ఎంచి చెప్పెను. రాజ్యతంత్రము వ్రాయువానికి తగిన విషయము మన సంచికకు తగకపోయినదా?

వేట నిషిద్ధమైన దినములలో వెడల్పు అలుగు మాట యేల యని యొక ఆక్షేపణ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత మన దేశమున వేటకు తావు లేదు. ఉండవలెనని నేను కోరుటయు లేదు. వేట చట్టసమ్మతమైన దేశములలో వదులు అలుగు జంతువును చంపక గాయపరచి విడుచును. అచ్చటివారికి అతుకు ధర్మసమస్య. మనకు ఇది ఆటస్థలమున మనుష్యుల క్షేమసమస్య. గురిలో గ్రుచ్చుకొన్న బాణమును లాగునపుడు మొన లోపలనే యుండిపోయినచో, తరువాత వచ్చిన బాణము దానికి తగిలి ఎటు తుళ్ళునో చెప్పలేము. వెదురు విల్లుతో ఆడు ఇండియన్ రౌండు పోటీలలో మన పిల్లలును దిగుచున్నారు. మొన నిలుచునో లేదో చూచుకొనుట వారికి అలంకారము కాదు.

విజయవాడ బిడ్డ జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినపుడు మనమందరము సంతోషించితిమి. ఆ స్థాయి పోటీలలో బాణములు కర్రవి కావు, కార్బనువి. ఇక కర్రకు, లక్కకు కాలము చెల్లినదందురా? కార్బను గొట్టములో ఉక్కుమొనను నిలుపుటకు విలుకాండ్రు పలువురు వాడునది వేడికి కరగి చల్లారిన బిగియు జిగురే. మొన బరువు మార్చవలసి వచ్చినపుడు, గొట్టము పగిలినపుడు, కొద్ది వేడితో మొనను వెలికి తీయవలెను గావున అట్లు చేయుదురు. అంతకంటె గట్టి జిగురు దొరకక కాదు. పదార్థము మారినది, లక్క నేర్పిన న్యాయము మారలేదు.

కావున సంపాదకవర్గమువారికి నా కోరిక యిది. వచ్చు సంచికకు, మన సంఘములున్న ప్రతి యూరినుండియు, అచ్చటి కమ్మరి, కంసాలి, వడ్రంగి వృద్ధులను అడిగి, ముల్లునకు, పొన్నునకు, కట్టునకు, బంకకు వారు వాడిన మాటలను వ్రాసి తెప్పింపుడు. కన్నడము కలిసిన మాట యైనను, అరవము కలిసినదైనను, ఒడియా కలిసినదైనను దిద్దక యథాతథముగా అచ్చువేయుడు. చేసిన పద్ధతిని కొలతలతో వ్రాయుడు. పుటలు చాలవందురేమో, అంపశయ్య నాటికను ఒక్క యేడు ఆపిన చాలును.